నాలుగు సిలిండర్ల కిరాయిదారు

తప్పంతా నాదే. మాట దొరికితే మెలిక పెట్టకుండా ఉండలేని జబ్బు నాది. దిల్‌సుఖ్‌నగర్‌లో గది చూడబోయినప్పుడు ఓనరంకుల్ "సామానేముంది?" అని అడిగితే, "ఒక మంచం, నాలుగు సిలిండర్లు" అన్నాను. నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. కుర్చీ వేసి చాయ్ తెప్పించాడు.

నాలుగూ ఒకే మోటార్‌సైకిల్‌వి. నాకన్నా వయసులో పెద్దది. నాలుగు సైలెన్సర్లు, పేరుకే సైలెన్సర్లు. నాలుగు కార్బురేటర్లను ఒకే శ్రుతికి తేవడమంటే ఒకే కాన్పులో పుట్టిన నలుగురిని నిద్రపుచ్చడమే. ఒకడు కన్ను మూస్తే ఇంకొకడు లేస్తాడు. ఆదివారాలన్నీ మెట్ల కింద ఆ నలుగురికీ జోల పాడుతూ గడిపేవాణ్ణి. అంకుల్ సంఘ పెద్ద కాబట్టి ఆ టైముకు చర్చిలో ఉండేవాడు. బండిని చూశాడు గానీ, సిలిండర్లు నా గదిలో ఉన్నాయనే నమ్మాడు.

క్రిస్మస్ ముందు శనివారం ఇద్దరు మనుషులను వెంటబెట్టుకొని వచ్చి తలుపు కొట్టాడు.

"రెండు చాలు బాబూ. రేపు ప్రేమవిందుకు గ్యాసు తక్కువ పడ్డది. పాస్టరయ్యగారికి మాటిచ్చిన."

"ఏం రెండు అంకుల్?"

"సిలిండర్లు."

మెట్ల కిందికి తీసుకుపోయి ఇంజిన్ చూపించాను. వంగి, వేలు పెట్టి నాలుగూ లెక్కబెట్టాడు.

"గివేనా?"

"గివే అంకుల్. అండ్ల గూడ ఒకటి సక్కగ మండుతలేదు."

"నాలుగు వందల మందికి బిర్యానీ! నా మాట పోతే, మెట్ల కింద నీ బండి గూడ పోతది, చెప్తున్న."

ఆయన పరువుకీ నా పార్కింగుకీ ముడి పడింది. ఒక సిలిండర్ ఆయన తన వంటింట్లోంచే ఊడబీకాడు. రెండోది మీర్‌పేట్‌లో టిఫిన్ బండి నడిపే నా దోస్తును బతిమాలి తెచ్చాను. నాలుగు సిలిండర్ల బండి వెనక ఐదోది కట్టుకొని ఎల్బీ నగర్ సిగ్నల్ దగ్గర ఆగితే, పక్క స్కూటీ ఆయన ఎగాదిగా చూశాడు.

"గ్యాస్ కిట్టు పెట్టించినవా అన్నా? ఎంతిస్తది?"

"బిర్యానీ ఇస్తది."

ఇచ్చింది కూడా. ఆదివారం విందు మధ్యలో పాస్టరయ్యగారు మైకు అందుకొని, "గ్యాసు సమకూర్చిన సంఘ పెద్దగారికి వందనాలు" అన్నారు. అంకుల్ లేచి నలుదిక్కులా దండం పెట్టాడు. నా వైపున్న దిక్కు మాత్రం మరిచాడు. అందరితోపాటు నేనూ చప్పట్లు కొట్టాను, బిర్యానీ చేత్తోనే.

సాయంత్రం టిఫిన్లకు దోస్తుకు సిలిండర్ కావాలి. "ఖాళీది కడితే ఊగుతది అంకుల్, ఎవరన్న పట్టుకొని కూసోవాలె" అన్నాను. అబద్ధం. తాడు నా జేబులోనే ఉంది.

ఇస్త్రీ మడత నలగని తెల్లబట్టల్లో, సిలిండర్‌ను ఒళ్ళో పెట్టుకొని ఆయన వెనక కూర్చున్నాడు. ఎల్బీ నగర్ బస్టాపులో సగం సంఘం బస్సుల కోసం నిలబడి ఉంది. సరిగ్గా వాళ్ళ ముందే బండి ఆపి స్టాండు వేశాను.

"ఏమైంది బాబూ?"

"ప్లగ్గు చూడాలె. మీరు దిగకుండ్రి, సిలిండర్ పడుతది."

బండికి ఏమీ కాలేదు. అయినా నాలుగు ప్లగ్గులూ ఒక్కొక్కటే విప్పి, తుడిచి, ఎండకు పట్టి చూసి, మళ్ళీ బిగించాను. ఈలోగా అక్కడున్న సంఘమంతా వరసగా వచ్చి "వందనాలండీ, వందనాలు" అంటూ చేతులు జోడించింది. రెండు చేతులూ సిలిండర్‌కే సరిపోయాయి గనక, పాపం, ఆయన ఒక్కరికి కూడా తిరిగి దండం పెట్టలేకపోయాడు.