అక్క పేరు మీద డిగ్రీ

ఆస్పత్రి రికార్డు గదిలో పనిచేసే ఆవిడ, పేరు పెట్టి పిలిస్తే వెంటనే పలకదు. ఒక్క క్షణం ఆగుతుంది. కొత్తగా వచ్చిన డాక్టర్లు చెవుడనుకుంటారు. పాతవాళ్లు పొగరనుకున్నారు, తర్వాత అలవాటు పడ్డారు. నిజానికి ఆ పేరు ఆమెది కాదు. అసలు మనిషి ఎక్కడైనా ఉండి పలుకుతుందేమోనని ఆ క్షణం వదిలిపెడుతుంది.

ఆ పేరు ఆమె అక్కది. ఈమె ఆర్నెల్ల పిల్లగా ఉన్నప్పుడు, మూడేళ్ల అక్క జ్వరంతో పోయింది. ఈమెకు వేరే పేరే పెట్టారు, పిలవడం మాత్రం చిన్నీ అని. బడిలో చేర్చే రోజు హెడ్మాస్టరు "పిల్ల పేరు?" అని అడిగితే నాన్న నోట పెద్దదాని పేరు వచ్చింది. పుట్టిన తేదీ అడిగితే అదీ పెద్దదానిదే వచ్చింది. సిరాతో ఎక్కిపోయింది.

"నోరు జారిందే. దిద్దమందామంటే నోరు రాలేదు," అన్నాడట ఇంటికొచ్చి. ఆ రోజు తర్వాత ఆ ఇంట్లో ఎవరూ ఆ పేరు ఎత్తలేదు.

బడిలో మాత్రం రోజూ ఎత్తేవారు. హాజరు పిలిచినప్పుడు చిన్నీ "ప్రెజెంట్ సార్" అనేలోపే ముందు బెంచీలోంచి ఎవరో లేచినట్టుండేది. లేచిన పిల్ల జడ కూడా కనిపించేది. పదో తరగతి, ఇంటరు, ఉద్యోగం, పెళ్లి రిజిస్ట్రేషను, అన్నీ ఆ పేరుతోనే అయిపోయాయి.

ఇప్పుడామెకు నలభై ఒకటి. రికార్డు గది సూపర్వైజరు మూడున్నరేళ్లలో రిటైరవుతాడు. ఆ కుర్చీకి డిగ్రీ కావాలి. పద్దెనిమిదేళ్లుగా డిగ్రీలున్న వాళ్లు వచ్చి, ఈమె దగ్గరే పని నేర్చుకుని, ఈమె మీదుగా పైకి పోయారు. ఉద్యోగం చేస్తూ ఆన్‌లైన్లో చదవొచ్చని తెలిశాక, వెతికి వెతికి రెండు కాలేజీల దగ్గర ఆగింది. రెంటిలోనూ ఆస్పత్రి రికార్డుల నిర్వహణ కోర్సే, మూడేళ్లే.

మొదటి కాలేజీ కుర్రాడు ఫోన్లో గలగలా మాట్లాడాడు. "మీరు ఊఁ అనండి మేడం, మిగతాది మాకొదిలేయండి. సర్టిఫికెట్లు ఎలా ఉంటే అలా పంపండి. వచ్చే వారం క్లాసులు."

రెండో కాలేజీలో ఒక పెద్దావిడ ఫోన్ తీసింది. చిన్నీ రికార్డుల అరల మధ్యకు వెళ్లి గొంతు తగ్గించింది. "సర్టిఫికెట్లలో పేరు తప్పు పడితే ఏం చెయ్యాలండీ?"

"స్పెల్లింగ్ తప్పా అమ్మా?"

"కాదండీ. మనిషే తప్పు."

ఆవిడ నవ్వలేదు. అంతా విని, "ముందు టెన్త్ నుంచి దిద్దించుకోండి. మా వాళ్లు దగ్గరుండి చేయిస్తారు. ఏడాది పడుతుంది, ఆ తర్వాతే అడ్మిషన్. డిగ్రీ పట్టా కూడా ఆ పేరుతో పడిందంటే ఇక మార్చడం మీ వల్లా కాదు, మా వల్లా కాదు," అంది.

ఏడాది ఆగితే కుర్చీ పోతుంది. ఆగకపోతే పేరు పోతుంది.

"కుర్చీ పోతే పీడా పోయింది," అన్నాడు భర్త. స్కూలు బస్సు నడుపుతాడు, మాట కూడా హారన్ కొట్టినట్టే ఉంటుంది. "రెండు పేర్లు, రెండు పుట్టినరోజులు, కేకు మాత్రం ఒక్కటీ లేదు. నీ పేరున ఒక్క కాగితమైనా ఉండొద్దటే? ఇంతకీ నేను పెళ్లాడింది నిన్నా, మీ అక్కనా?"

"రిజిస్టరు ప్రకారం మా అక్కనే, బావగారూ."

ఇద్దరూ పకపకా నవ్వారు. వాళ్లుండేది చిన్నీ పుట్టింట్లోనే. పక్కగదిలో అమ్మ దగ్గు వినబడి, ఇద్దరూ ఒక్కసారే ఆపేశారు.

చిన్నీ మనసు కూడా రెండో కాలేజీ వైపే మొగ్గింది. పోయిన రోగి నంబరు ఇంకొకరికి ఇవ్వకూడదని కొత్తవాళ్లకు రోజూ చెప్పేది తనే మరి.

ఆదివారం పొద్దున అమ్మ ఉతికిన బట్టలు మడతపెడుతోంది. తల ఎత్తకుండానే అడిగింది. "పేరు మార్పించుకుంటావటగా?"

"మార్పించుకోవడం కాదమ్మా. నా పేరు నేను తెచ్చుకుంటాను."

"మంచిదే." రెండు తువ్వాళ్లు మడతపడ్డాయి. "ఆస్పత్రిలో నిన్ను దాని పేరుతోనే పిలుస్తారా?"

"ఊఁ."

"రోజూనా?"

"రోజూ. పదిసార్లు, ఇరవైసార్లు."

"కసురుకుంటారా, ముద్దుగా పిలుస్తారా?"

"ముద్దుగానే," అంది చిన్నీ.

"మార్చేశాక ఇక పిలవరు."

"పిలవరమ్మా."

"మంచిదే," అంది అమ్మ మళ్లీ. మడతపెట్టిన తువ్వాలునే విప్పి, మళ్లీ మడతపెట్టింది.

మధ్యాహ్నం భర్త కునుకు తీస్తుండగా చిన్నీ లాప్‌టాప్ తెరిచింది. రెండో కాలేజీ పేజీని చాలాసేపు చూసి, మూసేసింది. మొదటి కాలేజీ ఫారం నింపింది. "ఈ పేరే పట్టాపై ముద్రించబడును. తర్వాత మార్పులు కుదరవు" అన్నచోట టిక్కు పెట్టింది. ఆఖరున గుర్తింపు కోసం కెమెరా వెలిగింది. పూర్తి పేరు పైకి చెప్పమంది.

చెప్పింది. ముప్ఫై ఆరేళ్ల తర్వాత ఆ ఇంట్లో ఆ పేరు వినబడడం అదే. తన గొంతు తనకే పరాయిగా తోచింది.

"స్పష్టంగా వినబడలేదు. మళ్లీ చెప్పండి," అంది తెర.

ఈసారి గట్టిగా చెప్పింది.

"అంత గట్టిగా పిలవకే. ఉలిక్కిపడుతుంది."

చిన్నీ వెనక్కి తిరిగింది. గుమ్మంలో అమ్మ. చూపు చిన్నీ మీద లేదు. కుర్చీ పక్కన, నేలకు రెండున్నర అడుగుల ఎత్తున ఎక్కడో ఉంది. చిన్నీ అటు చూడకుండా తెర వైపు తిరిగి, నిద్రలేపుతున్నట్టు మెల్లగా, ఆ పేరు మూడోసారి పిలిచింది.

ఆకుపచ్చ టిక్కు పడింది. ఆ పేరుకు స్వాగతం చెబుతూ అక్షరాలు మెరిశాయి.

"చేర్చుకున్నారా?" అంది అమ్మ.

"చేర్చుకున్నారమ్మా."

"మరి పుస్తకాలెప్పుడిస్తారు దానికి?"

"వచ్చే వారం," అంది చిన్నీ.