మాబు సాబ్ కుడి చెవి

కొత్త కారు తలుపు లోపలి అట్ట విప్పగానే రెక్సిన్, జిగురు కలిసిన వాసన ఒకటి గుప్పున వస్తుంది. నేను పనిచేసే కంపెనీలో వారానికి రెండుసార్లైనా ఆ అట్ట విప్పుతాం. పాట బండంతా గోల చేయకుండా, ఎవరు ఎక్కడ కూర్చుంటే వాళ్ల చెవులకే సూటిగా చేరేలా స్పీకర్లు తయారుచేయడం మా పని. మా వాళ్లు కంప్యూటర్లో గీతలు చూసుకుంటూ ఉంటారు. నాకు మాత్రం ఆ వాసన తగిలితే అనంతపురం నుంచి రాప్తాడు వైపు పోయే రోడ్డు పక్కన ఒక రేకుల షెడ్డు, అందులో నోట్లో దారం ముక్క కరుచుకుని నిలబడ్డ మాబు సాబ్ కనిపిస్తారు. నా చదువంతా ఒక ఎత్తు, ఆయన దగ్గర పనిచేసిన రెండేళ్లు ఒక ఎత్తు.

ఇంజనీరింగ్ అయిపోయి, ఉద్యోగం రాక, కంబదూరులో ఎండిన చెనక్కాయ చేను గురించి నాయన నిట్టూర్పులు వినలేక ఆ షెడ్డులో చేరాను. ఆడపిల్ల స్పీకర్లు బిగించడమేమిటని వచ్చినవాళ్లు నవ్వేవారు. సాబ్ అడిగింది ఒక్కటే, చెవులు బాగున్నాయా అని. ఆయన పద్ధతి వేరు. కంపెనీవాళ్లు స్పీకర్‌ను తలుపు అడుగున పెడతారు కదా, అది మోకాళ్లకు పాడుతుందని విసుక్కునేవారు. బండి నడిపే మనిషిని సీటులో కూర్చోబెట్టి, స్పీకర్ నడిమధ్య నుంచి అతని చెవి దాకా దారం లాగి, స్పీకర్ ఆ దారం వైపు తిరిగేలా వెనుక చెక్కముక్క చెక్కి పెట్టేవారు. చివర తానే డ్రైవర్ సీటులో కూర్చుని, కళ్లు మూసుకుని, రెండు పక్కల శబ్దమూ సరిచేసేవారు. వచ్చేది ఎక్కువగా జీపు, వ్యాను డ్రైవర్లే. యాడికి ఊరి నుంచి కూడా వచ్చేవాళ్లు. ఆయన బిగింపంటే వాళ్లకు ప్రాణం.

చేరిన ఆరు నెలలకు, ఫోనులో శబ్దం కొలిచే యాప్ వేసుకుని సరదాకి ఒక బండిలో చూశాను. కుడిపక్క బాగా గట్టిగా ఉంది. ఇంకో బండి చూశాను, అదీ అంతే. ఏది చూసినా అంతే. ఎన్నికల ప్రచారాల్లో ఇరవై ఏళ్లు మైకుసెట్టు జీపులో, కుడి చెవి పక్కనే హారన్ మోగుతుంటే కూర్చున్న మనిషి ఆయన. ఆ చెవి చాలావరకు పోయింది. పోయిన సంగతి ఆయనకే తెలియదు. తనకు సమంగా వినిపించేదాకా కుడిపక్క పెంచుకుంటూ పోతున్నారు. ఆయన పనంతా ఆ చెవుల మీదే. పేరు పోతే షెడ్డు మూసుకోవలసిందే. చెబుదామంటే నోరు రాలేదు.

నోరు రాక ఒక వెధవ పని చేశాను. ఆయన మధ్యాహ్నం నమాజుకు వెళ్లగానే, ఆయన సరిచేసిన బండ్లను నేను మళ్లీ సమం చేసేదాన్ని. పైగా మేలు చేస్తున్నానని నాకు నేనే మురిసిపోయాను.

మూడు వారాలకు కంబదూరు జీపు నడిపే ఓబులేసు రుసరుసలాడుతూ తిరిగొచ్చాడు. "ఏమప్పా సాబన్నా, కుడిపక్క స్పీకరు సచ్చిపోయినాది," అన్నాడు. సాబ్ ఎక్కి కూర్చుని విన్నారు. అవును, చచ్చిపోయిందన్నారు. ఇద్దరూ కలిసి వైర్లు పీకి చూశారు, స్పీకర్ మార్చారు, అయినా అంతే. ఇక ఆంప్లిఫైయర్ విప్పబోతుంటే నేను ఆగలేక ఫోను తీసి ముందు పెట్టాను. రెండు పక్కలా సమానంగా గీతలు.

ఇద్దరూ ఆ గీతలను చూశారు, ఒకరినొకరు చూసుకున్నారు. ఓబులేసు ఏళ్ల తరబడి అద్దం దించుకుని బండి నడిపినవాడు. మా సీమ గాలి, దుమ్ము, ఎదురొచ్చే లారీల హారన్లు, అన్నీ పోయింది ఆ కుడి చెవిలోకే. డ్రైవర్లందరిదీ అదే చెవి. సాబ్‌దీ అదే చెవి. అందుకే ఇన్నేళ్లూ ఆయన తప్పు ఎవరికీ దొరకలేదు.

సాబ్ ఎడమ చెవిని వేలితో మూసుకుని సీటులో చాలాసేపు కూర్చున్నారు. పాట నడుస్తూనే ఉంది. తర్వాత దిగొచ్చి, ఎన్నాళ్ల నుంచి తెలుసని అడిగారు. మూడు వారాలని, ఆయన నమాజుకు వెళ్లినప్పుడల్లా నేనే సమం చేస్తున్నానని చెప్పేశాను.

"చెవి పోయిందంటే పోయినాది పాపా, అదేం నా చేతిలో ఉండాదా. నా ముందర ఒక మాట చెప్పకుండా నా వెనక సరిచేస్తివి సూడు, దానికి బాధగా ఉండాది."

ఏడ్చేశాను. ఆయన ఓదార్చలేదు. ఆ సిగ్గు నాకు ఇప్పటికీ ఉంది. ఎదుటివాళ్లు ఎంత పెద్దవాళ్లైనా, తప్పు కనిపిస్తే ముఖం మీదే చెప్పడం నాకు ఆ రోజుతోనే వచ్చింది.

మర్నాటి నుంచి షెడ్డుకు వచ్చిన ప్రతివాడికీ, తనకు కుడి చెవి వినపడదని, చివర సరిచూసేది ఈ పాపేనని, ఇష్టమైతేనే బండి పెట్టమని ఆయనే చెప్పారు. కొందరు బండి తిప్పుకుని పోయారు. నెల రోజులు షెడ్డు బోసిపోయింది. తర్వాత ఓబులేసు ఎక్కడెక్కడ చెప్పాడో, డ్రైవర్లు ఒక్కొక్కరే వచ్చి, బండి సంగతి తర్వాత, ముందు మా చెవులు చూడమన్నారు. సాబ్ వాళ్ల చెవులు ఒక్కోటీ మూయించి, వెనుక నిలబడి పేరు పెట్టి పిలిచి, ఏ చెవి ఎంత వింటుందో తేల్చుకున్నాకే దారం లాగేవారు.

నేను కంపెనీలో చేరిన కొన్నేళ్లకు, సీటు తలదిండులోనే స్పీకర్లున్న కారు తీసుకుని ఆయన ఇంటికి వెళ్లాను. అప్పటికి ఆయన బాగా నీరసించారు. కుడి చెవి పూర్తిగా పోయింది. ఆయన్ని కూర్చోబెట్టి, కుడిపక్కది పూర్తిగా తీసేసి, శబ్దమంతా ఎడమ చెవికే పెట్టి, ఎలా ఉందని గొప్పగా అడిగాను. పాట అయ్యేదాకా తల ఊపుతూ విన్నారు.

"బాగుండాది పాపా. ఆ కుడిదానికీ రవ్వంత పెట్టు. వినకుంటే మానె, అదీ నాదే కదా."

పెట్టాను. ఆ ఏడాదే ఆయన పోయారు. ఇప్పుడు ఏ కారు చేస్తున్నా, వినలేని చెవిని లెక్కలోంచి తీసేయమంటే నాకు చేతులు రావు.