వాగు అవతలి పేర్లు

2024 మే నెల. చండ్రుగొండ దాటాక అడవి మొదలయ్యే వైపున్న ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం. దాని పేరు చెప్పను. ఇందులోని మనుషుల పేర్లు కూడా మార్చాను. అక్కడి డాక్టర్ గారు నన్ను పిలిపించి, అట్ట చిరిగిన ఒక నోటుపుస్తకం చేతిలో పెట్టారు. చుట్టుపక్కల గూడేల్లోని గర్భిణుల వివరాలన్నీ అందులో ఉన్నాయి. రాసింది నాగమణి సిస్టర్. ఏఎన్ఎం, అంటే ఇంటింటికీ తిరిగి చూసే నర్సు. పంతొమ్మిదేళ్ళుగా ఆ ఊళ్ళే ఆమె ప్రపంచం.

"ఆమె సెలవు పెడితే ఈ పుస్తకం ఎవరికీ అర్థం కాదు. అందరం ఫోన్లో చూసుకునేలా ఒక వెబ్ యాప్ చేసిపెట్టండి. వానలు ముదరకముందే కావాలి" అన్నారు డాక్టర్ గారు.

వానాకాలం కొన్ని గూడేలకు దారి ఉండదు. అందుకని కాన్పు దగ్గరపడే ఆడవాళ్ళను ముందే తీసుకొచ్చి ఆస్పత్రి పక్క గదిలో ఉంచుతారు. ఆ గదిలో ఉన్నవి నాలుగు మంచాలు. ఎవరిని ముందు తేవాలో చూపించడమే నా యాప్ పని.

నా చదువు ఇంటర్‌తో ఆగింది. ఈ పని మాత్రం కొత్తగూడెం గ్రంథాలయంలో కూర్చుని నేర్చుకున్నాను. ఒక పక్క కంప్యూటర్ పుస్తకం, ఇంకో పక్క ఇంగ్లీషు నిఘంటువు. అర్థం కాని పేజీని మూడుసార్లు రాసుకునేవాణ్ణి. గ్రంథపాలకురాలు తాళాల గుత్తి గలగలలాడిస్తే గాని లేచేవాణ్ణి కాదు. అలా నేర్చుకున్నానని ఇవాళ్టికీ గర్వంగానే చెప్పుకుంటాను.

యాప్‌ను ఎవరూ మొదటి ఇటుక నుంచి కట్టరు. స్టార్టర్ టెంప్లేట్ అని ఒకటి దొరుకుతుంది. లాగిన్ పేజీ, డేటాబేస్, పేర్ల పట్టిక అన్నీ అమర్చిన ఖాళీ ఇల్లు లాంటిది. ఎక్కడో ముఖం తెలియని వాళ్ళు రాసి, ఎవరైనా వాడుకోండని ఉచితంగా పెట్టారు. ఒక్క కమాండ్ కొడితే పది నిమిషాల్లో నా పాత ల్యాప్‌టాప్‌లో ఆ ఇల్లు లేచి నిలబడింది. ఎన్నిసార్లు చూసినా ఆ క్షణం నాకు అబ్బురమే.

ఇక మార్పులు. పట్టికలో ఈమెయిల్ ఉన్నచోట ఊరు పేరు పెట్టాను. సభ్యుడు చేరిన తేదీ ఉన్నచోట కాన్పు తేదీ పెట్టాను. సిగ్నల్ లేని చోట కూడా పేర్లు కనిపించేలా వాటిని ఫోన్లోనే దాచే ఏర్పాటు చేశాను. టెంప్లేట్ తేదీల వరుసలో తానే పేర్చుతుంది కాబట్టి, కాన్పు దగ్గరున్నవాళ్ళు పైకి వచ్చారు. నోటుపుస్తకంలో అయితే తేదీలకు వరుసే లేదు. ప్రతి పేజీ పైన ఏదో పేరు, పక్కన కొన్ని పెన్సిల్ గీతలు. చిందరవందరగా ఉందనుకుని, ఆ పేర్లూ గీతలూ వదిలేశాను. సర్దిపెట్టానని సంతోషించాను కూడా.

నాగమణి సిస్టర్ చూసి నవ్వింది. "మంచిగున్నది తమ్మీ, పెండ్లి కార్డు లెక్క మెరుస్తున్నది. నా పుస్తకం నాకు వాపస్ ఇయ్యి."

జూలై వచ్చింది. ఒక పొద్దున వాన సన్నగా పడుతోంది. గదిలో మూడు మంచాలు నిండాయి. నాలుగో మంచానికి ఎవరిని తేవాలా అని డాక్టర్ గారు యాప్ తెరిచారు. తారు రోడ్డు పక్క ఊరి అమ్మాయి పేరు పైన ఉంది. కాన్పుకు ఎనిమిది రోజులు.

సిస్టర్ తొంగి చూసింది. "జోగమ్మ ఏది?"

"పదకొండో పేరు, సిస్టర్. ఆమెకింకా ఇరవై మూడు రోజులున్నయి" అన్నాను.

"ఇరవై మూడు రోజులు కడుపుకు. వాగుకు ఎన్ని రోజులున్నయో చూసినవా? పైన అడవిల రాత్రంతా కొట్టింది. రోడ్డు మీది పిల్లకు ఎప్పుడు ఫోన్ కొట్టినా బండి పోతది. జోగమ్మకు ఇయ్యాలొక్కటే దారి."

పుస్తకం నా ముందు పరిచింది. పేజీల పైన ఉన్నవి వాగుల పేర్లు. ముందు మూసుకుపోయే వాగు మొదటి పేజీలో, అన్నిటికన్నా చివర మూసుకుపోయేది చివరి పేజీలో. వెనకటి కాన్పులో బిడ్డను పోగొట్టుకున్నవాళ్ళ పేరు పక్కన పెన్సిల్ గీత. జోగమ్మ మొదటి పేజీలో ఉంది. గీత కూడా ఉంది.

"పోయినసారి మంచం మీద మోసుకొచ్చిండ్రు. అవతలి ఒడ్డుకాడనే కాన్పయింది. నేను ఇవతల నిలవడి చూస్తనే ఉన్న. పిల్లగాడు దక్కలే" అంది సిస్టర్. తర్వాత డాక్టర్ గారి వైపు తిరిగి, "బండి ఇప్పియ్యండి సార్" అంది.

నేనూ బండెక్కాను. వాగు దగ్గర బండి ఆగింది. నీళ్ళు మోకాలు లోతు, ఎర్రగా ఉన్నాయి. సిస్టర్ చీర దోపుకుని ముందు దిగింది. జోగమ్మ అత్తకు కోడలిని పంపడం ఇష్టం లేదు. నాట్ల కాలం, ఇంట్లో మనిషి కావాలి. సిస్టర్ ఆమెతో కోయ భాషలో ఏదో నెమ్మదిగా, తగ్గకుండా మాట్లాడింది. ముసలామె నా వైపు చూసింది.

"నువ్వు డాక్టర్‌వా బిడ్డా?"

"కాదమ్మా. ఫోన్ల పేర్లు ఎక్కిచ్చేటోణ్ణి."

"మా కోడలి పేరు ఎక్కిచ్చినవా?"

"ఎక్కిచ్చిన." పదకొండో పేరుగా ఎక్కించానని మాత్రం చెప్పలేదు.

ఆమె లోపలికి వెళ్ళి బట్టల మూట తెచ్చి నా చేతికిచ్చింది. తిరిగొచ్చేసరికి నీళ్ళు తొడల దాకా వచ్చాయి. ఒక పక్క సిస్టర్, ఒక పక్క భర్త పట్టుకుంటే జోగమ్మ అడుగులో అడుగు వేసింది. మూట నెత్తిన పెట్టుకుని వెనక నడిచాను. భర్త ఇంటికి పోవడానికి మళ్ళీ వాగులో దిగబోతే సిస్టర్ కసిరింది. "ఎటు పోతున్నవ్? నీళ్ళు చూస్తలేవా? నువ్వు గూడ బండెక్కు." మధ్యాహ్నానికి ఆ వాగు ఎవరినీ దాటనివ్వలేదు. పదహారు రోజులు అలాగే పారింది.

ఆ రోజుల్లో యాప్‌ను మళ్ళీ కట్టాను. తప్పు టెంప్లేట్‌ది కాదు. రాసినవాళ్ళకు మా వాగులు తెలియవు. తెలిసిన మనిషి పుస్తకం చేతిలో ఉండి కూడా ఆమెను ఒక్క మాట అడగనిది నేను. ఈసారి సిస్టర్ పక్కన కూర్చుని, వాగును మొదటి గడి చేశాను, పెన్సిల్ గీతను రెండో గడి, తేదీని మూడోది.

పద్నాలుగో రోజు జోగమ్మకు నొప్పులు వచ్చాయి. ఇచ్చిన తేదీకి ఇంకా తొమ్మిది రోజులున్నాయి. వాగు నిండుగా పారుతోంది. సిస్టర్ చేతుల మీదే ఆడపిల్ల పుట్టింది. ఏడుపు వరండాలోకి వినిపించింది.

నేను ఫోన్ తీసి, కాన్పయింది కదా అని జోగమ్మ పేరు పక్కనున్న డిలీట్ బటన్ నొక్కబోయాను. అది కూడా టెంప్లేట్ ఇచ్చిందే. చేతులు తుడుచుకుంటూ వచ్చిన సిస్టర్ చూసింది.

"తీసేస్తవేంది తమ్మీ? ఒక్కరున్నకాడ ఇద్దరైండ్రు. పిల్లకు టీకాలు ఎవరు చూడాలె?"

బటన్ తీసేశాను. దాని స్థానంలో బిడ్డను చేర్చే గడి పెట్టాను. ఇప్పుడు ఏ పని ఒప్పుకున్నా టెంప్లేట్ తెరవకముందే ఆ పని చేసే మనిషి పక్కన కూర్చుంటాను. వాళ్ళ పుస్తకం నాకు చిందరవందరగా కనిపిస్తే, నేనింకా చదవలేదని అర్థం.