కుర్చీలు లేని షెడ్డు

మా ఎదురు షెడ్డు అన్న పోయాడు. పోయిన వారం పొద్దున్నే నా షెడ్డు తెరుస్తుంటే టీ కొట్టతను వచ్చి చెప్పాడు, నిద్రలోనే పోయాడట. ఏళ్ళ తరబడి రోడ్డుకి అటు ఆయన, ఇటు నేను కార్లు బాగుచేశాం. సాయంత్రం సాగనంపడానికి వచ్చినవాళ్ళ కార్లు చిలకలూరిపేట రోడ్డు పొడుగునా ఆగాయి. వాటిని చూసి ఏడుస్తూనే కడుపు మండింది నాకు. చనిపోయినవాడి మీద అసూయేమిటని అనుకుంటారు మీరు. ఇన్నేళ్ళ అలవాటు ఒక్క పూటలో పోతుందా?

నా షెడ్డులో కుర్చీలున్నాయి, ఫ్యాను ఉంది. ఆయన షెడ్డులో ఒక్క కుర్చీ కూడా లేదు. ఉండాల్సిన అవసరమూ లేదు. వచ్చినవాళ్ళు కారు తాళం ఆయన చేతిలో పెట్టి మిర్చి యార్డుకో, బ్యాంకుకో పోయేవాళ్ళు. నా దగ్గరికొచ్చినవాళ్ళు మాత్రం కుర్చీ దగ్గరికి లాక్కుని నా చేతులవైపే చూస్తూ కూర్చునేవాళ్ళు. నేనేమీ దొంగని కాదు. బాగున్న సామాను పాడైందని ఎవరికీ చెప్పలేదు, పాతది వేసి కొత్తదని అనలేదు. అయినా ఆయనకి తాళం, నాకు కాపలా.

పోనీ పని నాకంటే బాగా వచ్చా అంటే అదీ లేదు. మిర్చి రోజుల్లో ఘాటు కార్లలోకి చేరి, ఏసీ వేయగానే అందరూ దగ్గుతారు. అలాంటి కారు వస్తే, “ఏసీ పని నాకు రాదండి, మా తమ్ముడు బాగా చేస్తాడు,” అని నా దగ్గరికి పంపేవాడు. నేను షెడ్డు తెరిచిన రోజు మొదటి కారు కూడా ఆయన పంపిందే. ఎదురుగా పోటీకి దిగినవాడికి ఎవరైనా బేరం పంపుతారా? ఆ మేలు మరిచిపోలేదు. దాన్ని చూసి కూడా కుళ్ళుకున్నాను.

ఒకసారి మా పేట చర్చి పాస్టరుగారి వ్యాను ఆయన షెడ్డులో ఉంది. మర్నాడు పాస్టరుగారు వేటపాలెం వెళ్ళి ఒక పెళ్ళి జరిపించాలి. అన్న బోల్టు బిగిస్తుంటే అది ఇంజనులోనే విరిగిపోయింది. ఇటునుంచి చూసి నేను లోలోపల సంతోషించాను. తుప్పు పట్టిందంటే సరిపోయేది, మాలో చాలామంది చెప్పే మాటే అది. ఆయన ఫోను తీసి రోడ్డంతా వినపడేలా చెప్పాడు.

“అయ్యగారూ, బోల్టు విరిగిందండి. బండి తప్పేం లేదు, నేనే ఎక్కువ బిగించాను. రేపు మీరు బస్సుకి పోవాల్సిందే.”

పాస్టరుగారు వచ్చి నాలుగు చివాట్లు పెట్టారు. ఇక ఆ వ్యాను నాదే అనుకున్నాను. తర్వాత మళ్ళీ రిపేరొస్తే వ్యాను ఆయన షెడ్డుకే వెళ్ళింది. తాళం ఇచ్చేసి పాస్టరుగారు నడుచుకుంటూ పోయారు. అదే మనిషి అంతకుముందు ఏసీకని నా దగ్గరికొచ్చి, పని అయ్యేదాకా కుర్చీలోంచి లేవలేదు.

ఉండబట్టలేక రోడ్డు దాటి వెళ్ళి అడిగాను. “ఏందన్నా ఇది? విరగ్గొట్టిన నీకు తాళమా, బాగుచేసిన నాకు కాపలానా? నాలో ఏం తప్పు చూశారు?”

ఆయన చేతులు తుడుచుకుంటూ నవ్వాడు. “ఒక్కటీ చూళ్ళేదురా, అదే తంటా. తప్పు జరగని షెడ్డు ఉంటుందా? నావి నేనే చెప్పేస్తా. నీవి వాళ్ళు కూర్చుని వెతుక్కుంటున్నారు.”

ఒళ్ళు మండి చాలా రోజులు మాట్లాడలేదు. ఆయన మాత్రం ఏసీ కార్లు పంపుతూనే ఉన్నాడు.

నిన్న పాస్టరుగారి వ్యాను నా షెడ్డు ముందు ఆగింది. అది మలుపు తిరుగుతుండగానే చూసి, గబగబా కుర్చీలన్నీ లోపల పెట్టేశాను. కూర్చునే చోటు లేకపోతే తాళం ఇచ్చి వెళతారని నా ఆశ. బ్రేకులు చూడమన్నారు.

“మీరు వెళ్ళిరండి అయ్యగారూ, సాయంత్రానికి చేసి ఉంచుతాను.”

“పర్లేదులే, చెయ్యి.”

చక్రం విప్పి తలెత్తాను. పాస్టరుగారు ఎండలో నిలబడే ఉన్నారు, తాళం గుప్పిట్లోనే ఉంది. చూపు మాత్రం నా చేతుల మీద లేదు. రోడ్డుకి అటువైపు, దించేసి ఉన్న షట్టరు మీద ఉంది.