ఇటుక మీద నేను చెప్పిన తీర్పు

ఒక కాలనీకి కాలనీని పస్తు పడుకోబెట్టకపోయినా, పస్తుతో డ్యూటీకి పంపిన ఘనత నాది. వరద రాలేదు, బంద్ జరగలేదు, అంతా నా నోటి చలవే. ఇదంతా చెబుతూ నేను సిగ్గుపడతానని ఎదురుచూసేవాళ్లు ఇక్కడే దిగిపోవచ్చు. ఆ తీర్పు తప్పు కాదని నేను ఈనాటికీ అంటాను.

హౌరా పక్కన టికియాపారా రైల్వే క్వార్టర్లలో ఉండేవాళ్లం. రైలు పెట్టెలు కడిగి మరమ్మతు చేసే షెడ్డులో మా నాన్న ఖలాసీ. శ్రీకాకుళం నుంచి వచ్చిన మా వాళ్లలో లా చదివిన మొదటిదాన్ని నేనే. చదివి ఊరుకోకుండా జడ్జి పరీక్షకి కూర్చున్నాను.

ఆ పరీక్షకి మూడు మెట్లు. మొదటిది ప్రిలిమినరీ. సరైన జవాబుకి గుర్తు పెట్టడమే పని. అది ఉత్త జల్లెడ, అందులో వచ్చిన మార్కులు చివరి లెక్కలోకి రానే రావు. రెండోది మెయిన్స్. చట్టాల మీద పేపరు తర్వాత పేపరు, వేళ్లు కొంకర్లు పోయేదాకా రాయాలి. మూడోది పెద్దమనుషుల ఎదుట ఇంటర్వ్యూ. మూడూ దాటితేనే జడ్జి. ఇదంతా నాకు తెలుసు. తెలిసే చేశానన్న మాట మరిచిపోకండి.

మొదటి మెట్టు ఎక్కాను. నాన్న కుండెడు రసగుల్లాలు తెచ్చి, "మా పాప జడ్జీ అయిపోనాది" అంటూ వీధంతా పంచాడు.

"ఇంకా రెండున్నాయి నాన్నా," అన్నాను.

"ఏటి, మెడికలేనా?"

మా కాలనీకి తెలిసిన పరీక్ష రైల్వే పరీక్ష ఒక్కటే. అది పాసైతే ఇక మిగిలేవి మెడికలూ, పోలీసు ఎంక్వయిరీ. ఆ తర్వాత డ్యూటీయే. నా కళ్లు బాగానే కనబడతాయి, పోలీసులతో నాకు పేచీ లేదు. పైగా నాన్న మొహం ఆ కుండలో రసగుల్లాలా ఉబ్బి ఉంది.

"అలాంటివే," అన్నాను.

అంతే. మెయిన్స్ లేదు, ఇంటర్వ్యూ లేదు, కూతురి పేరు జడ్జిగారు.

మా వరస క్వార్టర్లకి ఒకటే కుళాయి. పొద్దున్నే ఎవరి ఇటుక వాళ్లు వరసలో పెట్టి ఇంటికెళ్లి పొయ్యి వెలిగించుకుంటారు. ఇటుక ఉందంటే మనిషి ఉన్నట్టే. ఒకరోజు అప్పలమ్మత్త ఇటుక ముందుంది గానీ అత్త లేదు. వెనకనున్న బెంగాలీ వదిన, మల్లిక బౌదీ, తన బిందె పెట్టేసుకుంది. అత్త వచ్చి చూసింది. ఆ తర్వాత సంగతి మీరు ఊహించుకోగలరు.

మామూలుగా ఇలాంటి తగువులు పార్టీ వాళ్ల పాడా కమిటీకి, అంటే మా పేట కమిటీకి, పెద్దయిన నిమాయ్‌దా తీర్చేవాడు. ఆ రోజుల్లో మొగుడూ పెళ్లాల పోట్లాట నుంచి మేక పోట్లాట దాకా అన్నీ ఆయన దగ్గరికే. కానీ అత్త, "ఇంటికాడ జడ్జీని ఎట్టుకోని నిమాయ్‌దా కాడికెందుకే" అని బౌదీని మా గుమ్మం ముందుకి లాక్కొచ్చింది. నేను కుర్చీ తెప్పించుకుని మరీ కూర్చున్నాను.

"ఇటుక నీదేనా అత్తా?"

"నాదే. మూల ఇరిగిపోనాది, సూడు."

"నీళ్లొచ్చినప్పుడు నువ్వెక్కడున్నావు?"

"ఇంటికాడ. మీ మావకి కూడొండొద్దేటి?"

"కోర్టులో పిలిచినప్పుడు వాది రాకపోతే దావా కొట్టేస్తారు," అన్నాను గొంతు బరువు చేసి. "ఇటుక మనిషి కాదు, వకీలూ కాదు. ఇటుకకి హాజరు లేదు. రేపట్నుంచి మనిషి నిలబడితేనే వరస."

మర్నాడు ఆడవాళ్లంతా కుళాయి దగ్గర, పొయ్యిలన్నీ చల్లగా. షెడ్డుకి మగవాళ్లు ఖాళీ డబ్బాలతో వెళ్లారు. మా అమ్మ కూడా వరసలోనే నిలబడి, "ఈ పూట జడ్జీగారికీ కూడు లేదు" అంది.

ఆకలి కేకలు నిమాయ్‌దాకి వినబడ్డాయి. వచ్చీ రాగానే, "ఇటుక చెల్లుతుంది" అని ఒక్క ముక్కలో నా తీర్పు రద్దు చేశాడు. అక్కడితో ఆగినా బాగుండేది.

"ఏ మెట్టు పాసయ్యావు తల్లీ? మొదటిదేగా? మా మేనల్లుడూ మొదటిది ప్రతిసారీ పాసవుతాడు. ఆ మార్కులు లెక్కలోకే రావు," అన్నాడు బెంగాలీలో, అందరికీ వినబడేట్టు.

నాన్న నావైపు తిరిగాడు. "మెడికలు కాదేటమ్మా?"

"కాదు నాన్నా. అసలు పరీక్ష ఇంకా ఉంది. ఆపైన ఇంటర్వ్యూ."

రసగుల్లాలు తిన్నవాళ్లంతా అక్కడే ఉన్నారు. నా పరువు పోతే పోయింది, నాన్న తల దించుకుంటాడేమోనని నాకు ఏడుపొచ్చింది. ఆయన తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు.

"అయితే ఏటి? అదీ రాత్తాది. తిన్న రసగుల్లా ఎవులైనా తిరిగిచ్చెత్తారేటి?"

ఎవరూ ఇవ్వలేదు.

ఆ కసితో చదివాను. అప్పుడే తెలిసింది, నేను చట్టం సగమే చెప్పానని. వాది రాకపోతే దావా కొట్టేస్తారు, నిజమే. రాకపోవడానికి తగిన కారణం చూపిస్తే మళ్లీ తీసుకుంటారు కూడా. పొయ్యి మీద అన్నం కంటే తగిన కారణం ఏముంటుంది? కాబట్టి నా తీర్పు తప్పు కాదు, సగం. మిగతా సగం మెయిన్స్‌లో రాసి పాసయ్యాను.

ఇంటర్వ్యూ రోజు నేను లేచేసరికి నాన్న ఇంట్లో లేడు. ఒక్కదాన్నే కలకత్తా వెళ్లాను. ఆఫీసు గేటు ఇంకా తీయలేదు. గేటుకి ఆనుకుని ఫుట్‌పాత్ మీద నాన్న కూర్చుని ఉన్నాడు. పక్కన మూల విరిగిన ఇటుక.

"వరసలో నువ్వే ముందు," అన్నాడు.

"ఇటుక పెట్టావు సరే, నువ్వెందుకు నాన్నా ఇక్కడ?"

"ఇటుక్కి హాజరు లేదన్నావు కదేటి. అందుకే నానూ కూకున్నాను."

లోపల నన్ను అందరికంటే ఆఖర్న పిలిచారు. అయినా ఉద్యోగం ఇచ్చారు.

అందుచేత అప్పలమ్మత్త ఇటుక సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: మూడు మెట్లూ ఎక్కకుండా ఇంకెన్నడూ తీర్పు చెప్పను. మూడూ ఎక్కేశాను కాబట్టి ఇక నన్ను ఆపేవాళ్లెవరో రమ్మనండి. స్వయంగా రావాలి. ఇటుకని పంపితే చెల్లదు.