వీపు తిప్పి కూర్చున్న సేటు

కొత్తగా పనిలో చేరినవాడు దిక్కుతోచక మీ ముఖం వైపు చూసినప్పుడు, జవాబు తెలిసి కూడా మీరు ఎన్నిసార్లు నోరు మూసుకున్నారు? గుర్తు రావడం లేదు కదూ. సలహా ఇవ్వడమంత ఇష్టమైన పని మనకు మరొకటి లేదు.

నోరు మూసుకోగల మనిషిని నేను ఒక్కరినే చూశాను. డెబ్బైల చివర్లో జహీరాబాద్‌లో, బొంబాయి రోడ్డు పక్కన, అల్లం వ్యాపారం చేసే సేటు ఆయన. చుట్టుపక్కల రైతుల దగ్గర పచ్చి అల్లం కొని, గోనెసంచుల్లో నింపి బొంబాయికి పంపేవాడు. నేను అక్కడ ఉత్తరాలు రాసే గుమాస్తాను. పగలు ఉత్తరాలు, సాయంత్రం సభలు. మూఢనమ్మకాల మీద ఎక్కడ చర్చ పెట్టినా అందరికంటే ముందు లేచి నిలబడేవాణ్ణి.

సేటు దగ్గర ఎప్పుడూ ఎవరో ఒకరు వ్యాపారం నేర్చుకుంటూ ఉండేవారు. కొన్నాళ్లు వాళ్లను వెంట తిప్పుకునేవాడు. ఒకరోజు ఉన్నట్టుండి "ఇయ్యాల దుకాణం నీది" అని, రోడ్డు అవతల చాయ్ హోటల్లో దుకాణానికి వీపు తిప్పి కూర్చునేవాడు. ఇటు కొంప మునిగినా తల తిప్పేవాడు కాదు. సాయంత్రం వచ్చి, వాళ్లు చేసిన పని గురించి ఒకటే అడిగేవాడు: "ఎట్ల తెలిసింది?" 'మీరు గట్లనే చేస్తరు గద' అన్నవాడికి ఇంకొక్క అవకాశం. మళ్లీ అదే జవాబైతే ఇంటిదారి.

ఝరాసంగం వైపు నుంచి వచ్చిన ఒక డిగ్రీ చదివినతను మొదటిసారి సరిగ్గా అదే జవాబు చెప్పాడు. రెండో అవకాశం ఒక బుధవారం వచ్చింది. మిట్టమధ్యాహ్నానికి లోడు పూర్తయింది, డ్రైవర్ ఇంజన్ కూడా స్టార్ట్ చేశాడు. ఇతను చెయ్యి అడ్డం పెట్టి, రాహుకాలం పోయేదాకా ఆగమన్నాడు. మొదటి లోడు కదా, ఇంట్లో చెప్పి పంపారట. డ్రైవర్‌కేం, మీ రాహువు పోయినంక లేపమని చెప్పి క్యాబిన్‌లో ముసుగు తన్నాడు. లారీ మీద కప్పిన తాటిపత్రి ఎండకు మండుతోంది.

నా నెత్తురు ఉడికిపోయింది. ఒక్క అంగలో రోడ్డు దాటి సేటుకు చెప్పాను, రెండు నిమిషాల్లో ఆ రాహువును చీల్చి చెండాడి వస్తానని.

సేటు చాయ్ సాసరులో పోసుకున్నాడు. "నువ్వు చెప్తవ్, వాడు ఇంటడు. లారీ పోతది. రేపు ఇంకొకడొచ్చి ఇంకోటి చెప్తడు. అదీ ఇంటడు. గప్పుడు?"

"సరుకు ఖరాబైతే?"

"అయితది. నాదే గద. కూసో."

కూర్చున్నాను, కానీ రోడ్డు వైపు తిరిగి. అటు జరిగేది జరిగినట్టు చెప్పబోతే, నీ కామెంట్రీ బంద్ చెయ్యమన్నాడు. అవతల ఆ కుర్రాడు లారీ చుట్టూ తిరుగుతున్నాడు. మా వైపు చూస్తే సేటు వీపు తప్ప ఏముంది? నా వైపు చూశాడు. నేను నోరు తెరిచేలోగా సేటు నా చేతిలో వేడి చాయ్ గ్లాసు పెట్టాడు.

చివరికి అతను లారీ ఎక్కి, తాటిపత్రి అంచు లేపి, సంచుల మధ్య మోచేతి దాకా చెయ్యి దూర్చాడు. తీశాడు. ఇంకోచోట దూర్చాడు. తర్వాత దిగి వచ్చి క్యాబిన్ తలుపు దబదబా బాదాడు.

"ఏం పటేలా, పోయిండా మీ రాహువు?" ముసుగులోంచే డ్రైవర్.

"ఆయన ఉంటే ఉండనియ్యి ఉస్తాద్. అల్లం ఉడుకవట్టింది. బండి తియ్యి."

సాయంత్రం సేటు గద్దె మీద కూర్చుని తన ప్రశ్న తాను అడిగాడు.

"చెయ్యి పెట్టి చూసిన సేటు. లోపల జరమొచ్చిన ఒళ్లు లెక్కుండె."

"మరి రాహుకాలం?"

అతను అరచెయ్యి చూసుకున్నాడు. "అది చేతికి తగల్లే."

సేటు పొట్ట పట్టుకుని నవ్వి, దుకాణం తాళంచెవి అతని ముందుకు జరిపాడు. "రేపటి సంది నువ్వే తెరువు."

నా ఉపన్యాసాలకు చప్పట్లు చాలానే పడ్డాయి. కానీ విన్నవాళ్లు ఒక పంతులు మాట వదిలి నా మాట పట్టుకున్నారేమో, ఎవరికి తెలుసు! పరీక్షించకుండా నమ్మితే యజమాని మాట కూడా రాహుకాలమే. మన ఆఫీసులూ దుకాణాలూ ఆ రాహుకాలంలోనే నడుస్తున్నాయి. పెద్దసారు ఏమంటాడో అని చూసే కళ్లు, అనడానికి ఎప్పుడూ సిద్ధంగా ఉండే పెద్దసారు!

ఆ పెద్దసారు మీరే అయితే, రేపు పొద్దున ఎవరైనా మీ ముఖం వైపు చూడగానే వీపు కనబడేలా కుర్చీ తిప్పండి. నష్టమొస్తే మీరే భరించండి. సాయంత్రం మాత్రం ఎట్లా తెలిసిందో అడగండి, 'మీరు చెప్పారు కదా' అనే జవాబును ఒప్పుకోకండి.