శాలువా కప్పిన పది నిమిషాలు

తిరుపతిలో జరిగిన అణ్వాయుధ వ్యతిరేక సభలో నాకు ఇస్తామన్న పది నిమిషాలు ఇవ్వలేదు. వేదిక మీదికి పిలిచారు, శాలువా కప్పారు, ఫొటో తీశారు, దింపేశారు.

నేను ఐదో తరగతితో బడి మానేసినవాణ్ణి. మిగతా చదువంతా చిత్తూరు గ్రంథాలయం బల్లల మీదే సాగింది. అణుబాంబుల గురించి పెద్ద దేశాలు ఏమంటున్నాయో అక్కడ అందరూ చదివేవారు. నేను చిన్నవాటి వెంట పడ్డాను. సైన్యమే లేని కోస్టారికా, బాంబుల నిషేధ ఒప్పందం కోసం జరిగిన చర్చలకు అధ్యక్షత వహించింది. ఆస్ట్రియా, ఐర్లండ్ లాంటివి పక్కన నిలబడ్డాయి. బాంబులున్న దేశం ఒక్కటీ ఆ గదిలో అడుగు పెట్టలేదు. మనమూ పెట్టలేదు. పసిఫిక్ సముద్రంలో మార్షల్ దీవులున్నాయి. అమెరికా తన పెద్ద పెద్ద బాంబులు పేల్చి చూసుకున్నది అక్కడే. ఆ దీవులవాళ్లు బాంబులున్న దేశాల మీద అంతర్జాతీయ న్యాయస్థానానికి వెళ్లారు. డబ్బు అడగలేదు. ఆయుధాలు వదిలించుకునే చర్చలకు కూర్చోండి అన్నారు, అంతే. ఆ దావా మన దేశం మీద కూడా వేశారు. న్యాయస్థానం అసలు విషయంలోకి పోకుండానే, ఇది మా పరిధిలోది కాదని పక్కన పెట్టేసింది.

ఇదంతా సభకొచ్చే పిల్లలకు అర్థమయ్యేలా చెప్పడానికి సంత సంగతి ఒకటి సిద్ధం చేసుకున్నాను. మాది కార్వేటినగరం దగ్గర పల్లె. పశువుల సంతలో ధర నోటితో చెప్పేవారు కాదు. ఇద్దరు దళారులు చేతులు కలిపి, పైన తుండుగుడ్డ కప్పుకొని, దాని కింద వేళ్లు పట్టుకొని బేరం ఆడేవారు. ఎద్దు గలవాడు పక్కన నిలబడి వాళ్ల మొహాలు చూస్తూ ఉండాలి. ఒకసారి మా నాయన ఆ తుండు లాగేశాడు.

"ఎద్దు నాది గదప్పా. మీరేం అనుకుంటా ఉండారో నాకూ ఇనపడేట్టు సెప్పండి" అన్నాడు.

"నువ్వు పలుపు పట్టుకోని నిలబడు. బేరం మేం సూసుకుంటాం" అన్నాడు దళారి, తుండు దులుపుకుంటూ.

ఆ రోజు మా ఎద్దు మీద ఎవరూ చెయ్యి వెయ్యలేదు. ఇంటికి తోలుకొస్తున్నంతసేపూ నాయన "అడిగింది తప్పా?" అని ఎద్దునే అడుగుతూ నడిచాడు.

బాంబులున్న దేశాలు ఆడేదీ తుండు కింద బేరమే. పేలితే బూడిద పడేది అందరి చేల మీద. గుడ్డ తీయండని అడిగింది చిన్న దేశాలు. నేను చెప్పాలనుకున్నది ఇంతే.

చిత్తూరులో చాలాకాలం టైలరు దుకాణం నడిపిన నా స్నేహితుడు సభకు తోడొచ్చాడు. బస్సు చంద్రగిరి దాటేదాకా అతనికి నా ప్రసంగం వినిపించాను.

"బాగుండాదప్పా. మన దేశం పేరు మాత్రం మెల్లిగా సెప్పు. నువ్వు పైన ఉంటావు, కింద తన్నులు తినేది నేను" అన్నాడు.

హాలు నిండా కాలేజీ పిల్లలు. ముఖ్య అతిథిగా వచ్చిన రిటైరైన అధికారి, పెద్ద దేశాల అధినేతలు ఎప్పుడెప్పుడు చేతులు కలిపారో గంటసేపు చెప్పాడు. ఒక్క చిన్న దేశం పేరైనా ఆయన నోట రాలేదు. తర్వాత నిర్వాహకుడు నా దగ్గరికి వచ్చి, ఏం మాట్లాడతారని అడిగాడు. మార్షల్ దీవులు, దావా అన్నాను. అతను వెళ్లి అతిథి పక్కన వంగాడు. మైకు మీద అరచెయ్యి పెట్టి ఇద్దరూ తలలు దగ్గర చేర్చారు. నాకు సంత గుర్తొచ్చింది.

నా పేరు పిలిచారు. శాలువా వచ్చింది.

"నేను మాట్లాడాల గదప్పా?" అన్నాను.

"టైము లేదు పెద్దాయనా. కెమెరా వైపు చూడండి" అన్నాడు నిర్వాహకుడు.

తిరుగు బస్సులో నా స్నేహితుడు శాలువా అంచు వేళ్లతో నలిపి చూశాడు. "పెండ్లికొడుకు మాదిరి ఉండావప్పా. గుడ్డయినా మంచిది కాదు, పాలిస్టరు."

"ఊరుకో భాయ్."

"ఊరుకుంటా. ఆ దీవులోళ్లను కోర్టు గడపన్నా తొక్కనిచ్చినారు. నీకు మైకు కూడా అందలా."

మరునాడే శాలువా మడిచి కొరియరులో తిప్పి పంపాను. నాకు సన్మానం వద్దు, వచ్చే ఏడాది పది నిమిషాలు ఇవ్వండి, చిన్న దేశాల సంగతి పిల్లలకు చెప్పాలి అని రాసి లోపల పెట్టాను. ఇప్పటికే నాలుగు మాటలకు ఆయాసం వస్తోంది. ఆ పై ఏడాదికి గొంతు ఉంటుందో ఉండదో. నిర్వాహకుడికి ఫోను చేస్తే ప్రతిసారీ మీటింగులో ఉన్నారనేవారు. వానలు వచ్చి వెళ్లాక, ఫోనులో అతని మెసేజీ వచ్చింది:

"అయ్యా, నమస్కారం. మీరు తిప్పి పంపిన శాలువా అందింది. నాసిరకం కావడంతో మీరు బాధపడినట్టున్నారు, మన్నించండి. వచ్చే ఏడాది మీకు పట్టు శాలువా కప్పుతాం. మాట్లాడే శ్రమ పెట్టుకోకుండా ముందు వరుసలో హాయిగా కూర్చోండి."